ఆసుపత్రి గుమ్మము దాకా



గత నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిన తరువాత ఒక తల్లి మా యొద్ద నిలిచింది. కొంగు ముడిలోనుండి ఆసుపత్రి చీటీ తీసి, "అయ్యగారూ, మా పెద్దోడిది. మాత్రలు మానేసి ఎనిమిది నెలలైందంట" అని కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ బిడ్డను మేము ఎరుగుదుము. సండేస్కూలులో వాక్యములు కంఠస్థము చెప్పి బహుమతి తీసుకున్న బిడ్డ. పెరిగి పట్నము వెళ్లి, హిజ్రాలతో కలిసి స్త్రీగా జీవిస్తోంది. హెచ్.ఐ.వి. ఉన్నదని అక్కడే తెలిసింది. మందుల కొరకు వెళితే, వరుసలో అందరూ వినునట్లు పేరు కేకవేసి, "ఆడా, మగా?" అని నవ్వారట. మరల ఆ గుమ్మము తొక్కలేదు.

ఆసుపత్రివారిని నిందించబోయి మేము ఆగిపోయాము. మూడేండ్ల క్రిందట క్రిస్మసు ఆరాధనకు ఆ బిడ్డ చీర కట్టుకొని వచ్చి చివరి వరుసలో కూర్చుంటే, సంఘ పెద్ద ఒకరు లేపి బయటికి పంపారు. వేదిక మీదనుండి మేము చూశాము. నోరు తెరవలేదు. ఆసుపత్రికంటె ముందు గుమ్మము మూసినది మేమే.

మందులు లేక కాదు. 2004 ఏప్రిల్ 1 నుండి మన దేశములో ప్రభుత్వ ఆసుపత్రులు వాటిని ఉచితముగా ఇవ్వసాగాయి. 2017 నుండి, వ్యాధి ముదిరే వరకు ఆగకుండ, క్రిమి ఉన్నదని తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు. క్రమము తప్పక వాడితే రక్తములో క్రిమి పరీక్షకు దొరకనంతగా తగ్గుతుంది. అలా తగ్గి ఉన్నంత కాలము లైంగిక సంబంధము ద్వారా ఇతరులకు సోకదు. ఒకరిని తరిమివేస్తే నష్టము ఆ ఒక్కరితో ఆగదు.

2017లో చేసిన చట్టము 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చింది. దాని ప్రకారము హెచ్.ఐ.వి. ఉన్నవారికి చికిత్స నిరాకరించరాదు, అనుమతి లేక పరీక్ష చేయరాదు, వారి గుట్టు బయటపెట్టరాదు. అయితే చట్టము కాగితము మీద ఉన్నది, నవ్వు వరుసలో ఉన్నది. దేశములో పెద్దలలో వెయ్యికి ఇద్దరికి ఈ క్రిమి ఉంటే, హిజ్రాలలో వందకు ముగ్గురికి పైగా ఉన్నదని ప్రభుత్వ లెక్క. ఎక్కువ అవసరమున్నవారే ఎక్కువ దూరమున నిలిచియున్నారు.

2021లో హైదరాబాదు నారాయణగూడలో వీరి కొరకే మిత్ర్ క్లినిక్ తెరిచారు. అక్కడ పనిచేసినవారిలో చాలామంది ట్రాన్స్‌జెండర్లే గనుక వచ్చినవారిని చూచి నవ్వేవారు లేరు. 2025 ఆరంభములో అమెరికా సహాయము ఆగి అది మూతపడింది. అదే ఏడు టాటా ట్రస్టుల సహాయముతో సబ్‌రంగ్ అను పేరున తిరిగి తెరిచారు. పల్లెబిడ్డకు అంత దూరము అందునా?

"అయ్యగారు పాపమును సమర్థిస్తున్నారా?" అని కొందరు అడుగుతారు. పాము కరిచినవానిని తెస్తే, చీకట్లో ఎక్కడ తిరిగావని తేల్చుకొని తరువాత సూది వేయిస్తామా? మార్కు సువార్త మొదటి అధ్యాయములో కుష్ఠరోగి కథ చూడండి. ప్రభువు అతని పూర్వ చరిత్ర అడగలేదు. ఎవరూ ముట్టని దేహమును మొదట ముట్టుకున్నాడు.

మీ ఇంటిలో, వీధిలో ఇట్టి బిడ్డ ఉంటే తలుపు వేయకండి. పరీక్షకు తోడుగా వెళ్లండి. తెలిసినది ఇతరులకు చెప్పకండి. 1097కు ఫోను చేస్తే ఉచితముగా సలహా చెప్పుతారు.

ఆ సోమవారమే అమ్మగారు, ఆ తల్లి, మేము బస్సెక్కి పట్నము వెళ్లాము. మొదట క్షమాపణ అడిగాము. నమ్మడానికి చాలాసేపు పట్టింది. తరువాత నలుగురము ఆసుపత్రికి వెళ్లి వరుసలో కూర్చున్నాము. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాత్రలు మరల మొదలుపెట్టారు.

బస్సు దగ్గర ఆ బిడ్డ అడిగింది: "అయ్యగారూ, క్రిస్మసుకు రానిస్తారా?"

రమ్మన్నాము. కాని ఆ జవాబు మా ఒక్కరిది కాదు, సంఘమంతటిది. ఈ మాట మీ కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక.