క్లచ్చి పెడలు అరుగుదల – మన సంఘముల కర్తవ్యము

నూర్పులు ముగిసి ధాన్యము బస్తాల కెక్కు దినములలో సంఘపు లారీ యొక్క పూట నిలిచిపోయినచో నెంత నష్టము వాటిల్లునో కర్షక సోదరులకు మేము చెప్పవలసిన పనిలేదు. కళ్లమున రాశి యుండును. ఆకాశమున మబ్బు కమ్మియుండును. హమాలీలు వచ్చి కూర్చుందురు. కూలి యూరక పోవును. ఇట్టి నిలుపుదలలన్నియు ఇంజనులోని పెద్ద లోపముల వలన కలుగునవి కావు. డ్రైవరు ఎడమకాలి క్రింద నుండు క్లచ్చి పెడలునందలి, అరచేత నిముడునంతటి చిన్న సామానుల అరుగుదల వలన కలుగునవియు గలవు. పాత లారీలుగల సంఘములు పెక్కు ఈ విషయమున నవలంబించుచున్న పద్ధతి సరియైనది కాదనియు, దానిని మార్చుకొనుట మన చేతిలోని పనియే యనియు మా అభిప్రాయము.

పాత లారీ యనగా మేము వేనిని గూర్చి వ్రాయుచున్నామో ముందుగా తెలుపుట యుక్తము. 1954లో టెల్కో కంపెనీ జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ కంపెనీతో నొడంబడిక చేసికొని జంషెడ్పూరున మెర్సిడెస్-బెంజ్ లారీలను నిర్మింప నారంభించెను. ఆ యొడంబడిక 1969లో ముగిసిన పిమ్మట లారీలు టాటా పేరనే వెలువడెను. 1948లో స్థాపింపబడిన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండు అను పేరు వహించి, మదరాసు చెంతనున్న ఎన్నూరున కామెట్ లారీలను నిర్మించెను. ఈ బండ్లును, వీని తరువాతి తరమువియు గల సంఘములకే మా మాటలు ముఖ్యముగా నుద్దేశింపబడినవి. అందును కడ్డీలతోడను మీటలతోడను క్లచ్చి కదలు బండ్లకు ఇవి పూర్తిగా వర్తించును. చమురు ఒత్తిడిచే క్లచ్చి కదలు బండ్లకును పెడలు ఇరుసును బుష్షును ఉండును గాన, వానికిని కొంతవరకు వర్తించును.

పెడలు ఒక ఇరుసుపై నూగును. ఇరుసునకును పెడలు రంధ్రమునకును నడుమ గన్‌మెటల్ బుష్షు యుండును. పెడలు అడుగుకొన నుండి కడ్డీ యొకటి పోయి, శీలల మూలమున క్లచ్చి మీటను లాగును. బుష్షునకు గ్రీజు పెట్టుటకు నిపుల్ అమర్చబడి యుండును. ఎడ్లబండి ఇరుసునకు కందెన మరువని కర్షకుడు, లారీ క్రింద మన్నుతో నిండిన ఈ నిపుల్‌ను ఏండ్ల తరబడి చూడకయుండుట వింతగదా! గ్రీజు పోయిన చోట మన్ను చేరును. మన్ను ఆకురాయివలె రాచును. బుష్షు కోడిగ్రుడ్డు ఆకారముగా నరుగును. పెడలు ప్రక్కలకు ఊగులాడును.

ఈ యరుగుదల కంటికి స్వల్పముగ కనబడును గాని పాదము క్రింద పెద్దదగును. పెడలు పైభాగమునకును కడ్డీకిని మీట నిష్పత్తి అయిదింత లనుకొందము. మూడు శీలల యొద్ద అర మిల్లీమీటరు చొప్పున అరుగుదల గలిగినచో, కడ్డీ యొద్ద ఒకటిన్నర మిల్లీమీటరు వదులేర్పడును. అది పాదము క్రిందకు వచ్చుసరికి ఏడున్నర మిల్లీమీటర్లగును. బుష్షు అరుగుదల దీనిపై నదనము. డ్రైవరు పెడలు పూర్తిగా తొక్కినను అందు కొంత భాగము వ్యర్థమైపోవును. క్లచ్చి పూర్తిగా విడువదు. గేరు వేయునపుడు పండ్లు రాచుకొని కీచుమనును.

అప్పుడు మనవారు చేయు చికిత్స యేమి? కడ్డీ చివరనున్న మరను బిగింతురు, వాషర్లు దూర్తురు, తీగ చుట్టుదురు, శీల పోయిన చోట మరబోల్టు నొకదాని దిగగొట్టుదురు. బోల్టు మరలు ఆకురాయి పండ్లవలె రంధ్రమును మఱింత కోయును. వాషరు ప్రక్క ఊపును కొంత దాచును గాని బుష్షు గుండ్రదనమును మరల తేజాలదు. కడ్డీ బిగింపు అన్నిటికంటె మోసకరమైనది. పెడలు పైభాగమున కొంత ఖాళీ వదులు – పెక్కు లారీలకు సుమారు ఒక అంగుళము – ఉండి తీరవలయును. అరుగుదలను కప్పిపుచ్చుటకై బిగించి బిగించి ఆ వదులు లేకుండ చేసినచో, రిలీజు బేరింగు ఎల్లప్పుడు రాచుకొనుచు తిరుగును. ప్లేటు జారి మాడును. అప్పుడు గేరుపెట్టె దింపవలసి వచ్చును. కొలదిపాటి ఖర్చుతో పోవలసిన పని పెద్ద బిల్లుగా మారి సభ్యుల నెత్తిన పడును.

ధననష్టమును మించినది మఱియొకటి కలదు. గోడౌను ముంగిట లారీని వెనుకకు నడుపునపుడు, లారీకిని గోడకును నడుమ హమాలీలు నిలిచియుందురు. పెడలు తొక్కినను క్లచ్చి విడువకున్నచో బండి చివరి జానెడు దూరమున దూకును. ఆ జానెడులో మనిషి ప్రాణమున్నది. కావున దీనిని డ్రైవరు సౌకర్యమునకు సంబంధించిన చిన్న విషయముగా పాలకవర్గములు తలపరాదు.

ఇక సామాను దొరకు విధము. విజయవాడ జవహర్ ఆటోనగరు వంటి చోట్ల పాత బండ్ల నుండి విప్పిన సామాను లభించును. పెడలు మీట వంగక, పగులు లేక యున్నచో పాతదైనను కొనవచ్చును. పాత బుష్షును, పాత శీలను మాత్రము ఎన్నడును కొనరాదు. అవి యొకరు అరగదీసి పాఱవేసినవి. క్రొత్తవిగా అమ్మబడు నకళ్లలో మంచివియు చెడ్డవియు గలవు గాన కొలిచి చూచి తీసికొనవలయును. లేలాండు కామెట్ వంటి ఆంగ్ల నమూనా బండ్లు అంగుళపు కొలతవి. మెర్సిడెస్ నమూనావి మిల్లీమీటర్లవి. అంగుళమనగా 25.4 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ఇరుసుపై అంగుళపు బుష్షు దిగును గాని, అది మొదటి దినము నుండియే వదులైనది.

బుష్షులకును శీలలకును ఉత్తమ మార్గము లేతు మిషనుపై క్రొత్తగా చేయించుటయే యని మేము తలంచుచున్నాము. అందు గమనింపవలసినవి ఇవి:

మొదటిది, అరిగిన బుష్షును చూపి ‘ఇట్టిదే చేయుము’ అనరాదు. అరిగిన కొలతయే మరల వచ్చును. ఇరుసుపై రాపిడి తగులని కొన నుండును. అచ్చట మైక్రోమీటరుతో కొలిచినచో అసలు కొలత తెలియును. అరిగిన చోటున రెండు దిక్కుల కొలిచినచో ఎంత పోయినదో తెలియును.

రెండవది, ఇరుసు అరిగియున్నచో బుష్షు ఒక్కటి మార్చుట వ్యర్థము. ఇరుసును క్రొత్తగా చేయించవలయును; లేనిచో గుండ్రముగా గ్రైండింగు చేయించి, తగ్గిన కొలతకు సరిపడ బుష్షు చేయించవలయును.

మూడవది, బుష్షును బిగువుగ నొక్కి దింపినపుడు లోపలి రంధ్రము కొంచెము ముడుచుకొనును. కావున దింపిన తరువాతనే రీమరుతో తుది కొలతకు తేవలయును. అంగుళపు ఇరుసునకు అంగుళములో వేయవ వంతులు రెండో మూడో ఖాళీ చాలును. గ్రీజు రంధ్రము నిపుల్‌కు ఎదురుగా వచ్చునట్లు చూడనిచో, ఎంత గ్రీజు పెట్టినను ఇరుసునకు చేరదు.

నాలుగవది, శీల రంధ్రము కోలగా నరిగినచో, దానిని పెద్దదిగా గుండ్రపరచి లావుపాటి శీల వేయించవలయును. లేక చిన్న బుష్షు దింపించవలయును. పెడలు మీట పోత ఇనుముదైనచో మామూలు వెల్డింగు చేయింపరాదు, ప్రక్కనే పగులును.

‘ఇంత శ్రమ యేల? పాత లారీని తుక్కు క్రింద అమ్మివేయుడు’ అని కొందరందురు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేట యోగ్యతా పత్రము తీసికొనవలయును. పాత బండ్లను తుక్కునకు పంపు విధానమును కేంద్ర ప్రభుత్వము 2021 ఆగస్టులో ప్రారంభించెను. చట్రము పగిలి, బ్రేకులు సడలి, పొగ గ్రక్కు బండిని మమకారముచే పట్టుకొని వ్రేలాడుమని మేము చెప్పము. కాని గట్టి చట్రము, ఆరోగ్యమైన ఇంజను గల బండిని పెడలు ఊగుచున్నదని అమ్ముట, నాడా అరిగిన యెద్దును సంతకు తోలుట వంటిది. క్రొత్త లారీకై చేయు అప్పునకు వడ్డీ కట్టవలసినవారు సభ్యులే. ఆ బండికిని కొంతకాలమునకు బుష్షు అరుగక మానదు. గ్రీజు పెట్టు అలవాటు లేని సంఘమునకు బండి మారినను గతి మారదు.

కావున పాలకవర్గములు రాబోవు సమావేశములలో మూడు విషయముల నాలోచింపవలెనని కోరుచున్నాము. ప్రతి సంఘమును తన లారీకొక కొలతల పుస్తకము నుంచవలయును. బుష్షులు, శీలలు, ఇరుసు వీని అసలు కొలతలు, పటములు అందు వ్రాయించవలయును. మేస్త్రీ మారినను ఆ విద్య సంఘమున నిలుచును. రెండవది, ఒకే తరహా బండ్లుగల ఇరుగుపొరుగు సంఘములు కలసి ఒక్కసారి డజను బుష్షులు చేయించుకొనవలయును. లేతుపై కొలతలు సరిచూచుకొను శ్రమ ఒక్కదానికైనను పండ్రెండింటికైనను ఇంచుమించు సమానమే గాన ఒక్కొక్కదాని వెల తగ్గును. విత్తనములును ఎరువులును కలసి కొనుచున్న మనకు ఇది క్రొత్త పాఠము కాదు. మూడవది, వారమున కొకసారి గ్రీజు పెట్టిన తేదీని పుస్తకమున వ్రాయించి, సార్వా కోతలకు ముందే, భాద్రపద ఆశ్వయుజ మాసములలో, పెడలును విప్పి చూపింపవలయును.

డ్రైవర్ల విషయమున కూడ నొక్క మాట. పెడలు ఊగుచున్నదని చెప్పిన డ్రైవరును ‘ఖర్చు తెచ్చితివి’ అని గద్దించు అధ్యక్షుడు, మఱునాటి నుండి ఏ లోపమును వినజాలడు. లోపమును ముందుగా తెలిపినవానిని మెచ్చుకొను సంఘమున తీగచుట్టు మరమ్మతులు తమంతట తామే మానును.

సహకారమనగా అప్పులిచ్చుట, వసూలు చేయుట మాత్రమే కాదు. అందరి సొమ్మైన వస్తువును ఎవరి సొమ్మును కాదన్నట్లు చూడకుండుట దాని మొదటి ధర్మము. సంఘపు లారీ తన సొంత బండియే యని ప్రతి సభ్యుడును తలంచి, ఈ వారమే డ్రైవరును పిలిచి పెడలు ఎట్లున్నదని యడుగుగాక.