పరిశుద్ధ దేశ యాత్రలో ఆ ఫ్రీ టికెట్టు సంఘానిది



ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చేతిలో పెట్టే రంగుల బ్రోచర్ మీరంతా చూసే ఉంటారు. పైన యెరూషలేములోని బంగారు గుమ్మటం, కింద గలిలయ సముద్రం మీద పడవ, నడుమ ఆ రెండింటికన్నా పెద్దగా అయ్యగారి ఫొటో. (ఆ గుమ్మటం ఏడో శతాబ్దం చివర్లో ముస్లిం పాలకులు కట్టించింది. బ్రోచర్ అచ్చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసో లేదో!) పది రోజులు, మూడు దేశాలు, ఫలానా దైవజనుల నాయకత్వం అని ఉంటుంది. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని ఉంటుంది. ఆ షరతులేమిటని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే అల్పవిశ్వాసి అంటారేమోనని భయం.

మేం అడగమంటున్నాం. ముఖ్యంగా ఒక్క ప్రశ్న: ఈ యాత్రలో ఫ్రీ టికెట్టు ఎన్ని, అవి ఎవరికి?

ట్రావెల్స్ వ్యాపారంలో ఇది రహస్యమేమీ కాదు. పదిహేను మందో, ఇరవై మందో డబ్బు కడితే, వాళ్లను కూడగట్టినవారికి ఒక సీటు ఉచితం. ముప్పై మందిని తెస్తే అయ్యగారితోపాటు అమ్మగారు కూడా వెళ్లిరావచ్చు. విమానం వాళ్లు గానీ, అక్కడి హోటళ్ల వాళ్లు గానీ మన అయ్యగారి మీద ప్రేమతో ఇచ్చే సీటు కాదది. దాని ఖర్చు కట్టినవాళ్ల మీదే పడుతుంది. లక్షన్నర ప్యాకేజీ, పదిహేను మందికి ఒక ఫ్రీ సీటు అనుకుంటే మనిషికి దాదాపు పది వేలు. బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే అక్క ఓటీలు చేసి, చీటీ ఎత్తి కట్టిన డబ్బులో ఆ పది వేలూ ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు. పైగా అయ్యగారు తనకోసం శ్రమ తీసుకుని వస్తున్నారని విమానాశ్రయంలో ఆయనకు పూలదండ కూడా ఆమే వేస్తుంది.

అయ్యగారు వెళ్లకూడదని మా మాట కాదు. వాక్యం చెప్పే మనిషి ఆ నేలను ఒక్కసారైనా చూడాలి, చూస్తే ప్రసంగంలో ఆ తేడా వినేవాళ్లకు తెలుస్తుంది. అయితే సంఘం తెలిసి పంపాలి, బలిపీఠం ముందు ప్రకటించి పంపాలి. ఒకసారి వెళ్లొచ్చినవారికి మళ్లీ ఆ సీటు ఇవ్వకూడదు. రెండోసారి నుంచి అది సంఘంలో సొంతంగా ఎన్నటికీ వెళ్లలేనివారిది: ముప్పై ఏళ్లుగా గుడి ఊడ్చి గంట కొట్టే తాతది, ఇంటింటికీ తిరిగిన బైబిల్ స్త్రీది, భర్త పోయి ప్లాస్టిక్ దానా గోదాములో కూలికి వెళ్లే అమ్మది. ఇద్దరు ముగ్గురు ఉంటే అందరి ఎదుట చీటీలు వేయండి. మత్తీయ పేరు కూడా చీట్లలోనే వచ్చింది కదా!

ఆదాయం చూసి యాత్రికులకు సాయపడటం మన తెలుగు నేల మీద కొత్తేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం యెరూషలేము యాత్రికులకు సాయం మొదలుపెట్టింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి దాన్ని 60,000 రూపాయలకు, అంతకు మించినవారికి 30,000కు పెంచింది. ప్రభుత్వం మతయాత్రలకు డబ్బివ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. మాలోనే రెండభిప్రాయాలున్నాయి. కానీ సర్కారు ఆఫీసుకు తట్టిన న్యాయం, లేనివాడికి ఎక్కువ, ఉన్నవాడికి తక్కువ అన్న న్యాయం, మన సంఘ కమిటీలకు తట్టకపోవడం చిన్నతనంగా లేదా?

ఇక డబ్బు సంగతి. మన దగ్గర పదిహేను వేల జీతగాడు లక్షన్నర కట్టాలంటే పది నెలలు పస్తుండాలి. అందుకే పీఎఫ్ తీస్తారు, గొలుసు కుదువపెడతారు, నెలకింతని అయ్యగారి చేతిలోనో, ‘మనోడే’ అన్న ఏజెంటు చేతిలోనో పెడతారు. రసీదు ఉండదు, ఉన్నా తెల్లకాగితం మీద సంతకం. ఇలా కట్టకండి. డబ్బు మీ ఖాతా నుంచి ట్రావెల్స్ కంపెనీ ఖాతాకే పోవాలి, బిల్లు మీ పేరు మీదే రావాలి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద కంపెనీ టీసీఎస్ అనే పన్ను వసూలు చేసి మీ పాన్ నంబరు మీద జమచేయాలి. మీరు పన్ను కట్టేంత సంపాదన లేనివారైతే, రిటర్ను వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఈ ముక్క ఎంతమంది ఏజెంట్లు చెబుతున్నారు? పన్ను పేరుతో తీసుకుని జమచేయకపోతే మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనపడదు. పిల్లల్లో ఎవరికైనా ఫోన్లో చూడమనండి, తెలిసిపోతుంది. పాస్‌పోర్టు వీసా కోసం ఇచ్చినా రసీదు రాయించుకునే ఇవ్వండి. శంషాబాద్‌లో చెక్-ఇన్ లైన్లో నిలబడ్డాక, ఒకే రంగు టోపీలు పంచుతూ పేర్లు పిలిచి పాస్‌పోర్టులు చేతిలో పెట్టే పద్ధతి పోవాలి.

యుద్ధం మాట ఎత్తకుండా ఇప్పుడు పరిశుద్ధ దేశం మాట ఎత్తలేం. 2023 అక్టోబరు 7న యుద్ధం మొదలైనప్పుడు మేఘాలయ నుంచి వెళ్లిన 27 మంది యాత్రికులు బేత్లెహేములో చిక్కుకుని, చివరికి ఈజిప్టులోకి దాటి బయటపడ్డారు. ఇజ్రాయెల్‌లో ఉన్న మనవాళ్లను తీసుకురావడానికి కేంద్రం ‘ఆపరేషన్ అజయ్’ పేరుతో విమానాలు నడిపింది. 2025 జూన్‌లో ఇరాన్‌తో పోరు మొదలైతే అక్కడి గగనతలమే మూసేశారు. ప్రాణాలు దక్కడం దేవుని కృప. మరి కట్టిన అడ్వాన్సు? ప్రయాణ బీమాల్లో ఎక్కువ వాటికి యుద్ధం వర్తించదు. కాబట్టి యాత్ర ఆగిపోతే ఎన్ని రోజుల్లో, ఎంత తిరిగి ఇస్తారో కంపెనీ ముందే రాసివ్వాలి. ‘వచ్చే ఏడాది తీసుకెళ్తాం’ అనేది వాపసు కిందికి రాదు. మన విదేశాంగ శాఖ అటువైపు ప్రయాణం వద్దని సూచన ఇచ్చి ఉంటే, ‘దేవుడు కాపాడతాడు’ అని బుకింగులు తీసుకునే నాయకుడి దగ్గర పేరు నమోదు చేయించుకోకండి. డబ్బు ఎగ్గొడితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించింది 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు లేదు. మొదట వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. సహోదరుని మీద ఫిర్యాదేమిటని మొహమాటపడేవారికి ఒకటే జవాబు: ఆయన మీతో వ్యాపారం చేశాడు, మీరు వినియోగదారులు.

ఇదంతా సరిచేసుకుని వెళ్లినా, అక్కడ చూసేదేమిటి? మామూలు ప్యాకేజీలో ఒకే రోజున నజరేతు, కానా, కపెర్నహూము, కొండమీది ప్రసంగం చేసిన చోటు, పడవ ప్రయాణం కానిచ్చేస్తారు. కపెర్నహూములో నల్లరాతి పునాది మీద లేచిన తెల్లరాతి సమాజమందిరం ఉంది. దానికి కాస్త దూరంలో, పేతురు ఇల్లని తొలి శతాబ్దాల నుంచీ విశ్వాసులు నమ్ముతున్న చిన్న గదుల ఇంటి గోడలున్నాయి. ఆ ఇంటి మీదే ఐదో శతాబ్దంలో ఎనిమిది మూలల గుడి కట్టారు. ఇప్పుడు దానిపైన స్తంభాల మీద నిలబెట్టిన కొత్త గుడిలో నేలకు అద్దం బిగించారు. అందులోంచి కిందికి చూస్తే ఆ గోడలు కనిపిస్తాయి. అక్కడ గంటసేపు కూర్చోవాలి. మనవాళ్లకు దొరికేది గ్రూపు ఫొటో దిగేంత సమయం. గైడ్ ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు చెబుతాడు. అయ్యగారు వాటిని తెలుగు చేసేసరికి అది ఆదివారం ప్రసంగమైపోతుంది, ఈలోగా బస్సు హారన్ కొడుతుంది.

యొర్దానులోనూ అంతే. చాలా గుంపులను గలిలయ సముద్రం నుంచి నది బయటికి వచ్చే చోట, 1981లో యాత్రికుల కోసం ఏర్పాటుచేసిన యార్దెనిట్‌కు తీసుకెళ్తారు. మెట్లు, రెయిలింగులు, అద్దెకు తెల్ల అంగీలు, పక్కనే దుకాణం. బాగానే ఉంటుంది. కానీ యోహాను బాప్తిస్మమిచ్చిన చోటుగా పూర్వం నుంచీ చెబుతున్నది అక్కడ కాదు, దక్షిణాన యెరికో దగ్గర. నదికి ఒక ఒడ్డున ఖస్ర్ అల్ యహూద్, జోర్డాన్ వైపు ఒడ్డున అల్ మగ్తస్. ఈ రెండోదాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏ చోటికి తీసుకెళ్తున్నారో చెప్పి తీసుకెళ్లండి, ఎక్కడ మునగాలో మనవాళ్లే తేల్చుకుంటారు. మన తెలుగు నేల మీదే 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎవరికీ తెల్ల అంగీ అద్దెకివ్వలేదు.

నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే స్త్రీ పడమటి దేశాల నుంచి బయల్దేరి సీనాయి కొండ ఎక్కింది, యెరూషలేములో మూడేళ్లు ఉంది. దారిలో చూసినదంతా తన సహోదరీలకు రాసి పంపింది. ఆ రాతప్రతి 1884లో ఇటలీలో బయటపడింది. ప్రతి చోటా ఆమె చేసింది ఒకటే: అక్కడికి సంబంధించిన లేఖన భాగం అక్కడే నిలబడి చదవడం, ప్రార్థించడం, ఆ ఊరి వాళ్లతో మాట్లాడటం. మన పది రోజుల్లో మూడేళ్లు ఇరికించలేం. మూడు దేశాలను ఒక దేశానికి తగ్గించవచ్చు, పిరమిడ్లను వదిలేయవచ్చు. అక్కడ మిగిలిన రెండు రోజులు యెరూషలేముకు కలపవచ్చు.

ఆ ఊరివాళ్లతో మాట్లాడటమన్నది మనం పూర్తిగా మరచిపోయాం. బేత్లెహేములో, నజరేతులో తరతరాలుగా అరబీ మాట్లాడే క్రైస్తవులున్నారు. బేత్లెహేములో లూథరన్ సంఘం ఉంది, యెరూషలేములో ఆంగ్లికన్ల సెయింట్ జార్జ్ కెథెడ్రల్ ఉంది. మన లూథరన్, సీఎస్ఐ సంఘాలకు వాళ్లు చుట్టాల వరస. అయినా ఆదివారం వాళ్లతో కలిసి ఆరాధించి వచ్చిన తెలుగు గుంపులు ఎన్ని? వాళ్లను మనం కలిసేది ఒలీవ చెక్క బొమ్మల దుకాణంలోనే, అదీ బస్సువాడికి కమిషన్ ఇచ్చే దుకాణంలో. చెక్కడం పనే బతుకుదెరువైన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, కొనండి, బేరం కూడా మరీ ఆడకండి. కాకపోతే దుకాణం పేరు ప్యాకేజీలో ముందే రాసిపెట్టి ఉంటే కారణం అడగండి.

వెళ్లలేనివారు దిగులుపడాల్సిన పని లేదు. రాత్రి రైలెక్కితే చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ ఉంది, అపొస్తలుడైన తోమా అక్కడే హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో మెదక్ కెథెడ్రల్ ఉంది. కరువుకాలంలో జనానికి పని కల్పిస్తూ మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన ఆ గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. సండే స్కూల్ పిల్లలను ఏడాదికోసారి అక్కడికి తీసుకెళ్లడానికి ఏ ఏజెంటూ అక్కర్లేదు.

వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఈ తీర్మానం పెట్టించండి: సంఘం పేరు మీద, గుడి గుమ్మంలో ప్రచారం చేసే ఏ యాత్రకైనా ఫ్రీ సీట్ల సంఖ్య, అవి ఎవరికి, వాపసు షరతులు, రోజువారీ కార్యక్రమం తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద అంటించాలి. బయల్దేరే ముందు కనీసం రెండు నెలలు, వారానికో సాయంత్రం, మ్యాపు పెట్టి యాత్రికులకు పాఠం చెప్పాలి. తిరిగొచ్చిన నెల లోపల లెక్కలు సంఘం ముందు చదవాలి. కమిటీ కాదంటే, ఎవరు కాదన్నారో మినిట్స్ పుస్తకంలో రాయించండి. అంతవరకు అడ్వాన్సు ఇవ్వకండి.

— కాటేదాన్ పారిశ్రామికవాడ సంఘాల విశ్వాసులు కొందరు