కాల్‌బ్యాక్‌లో రిలీజ్ చేయొద్దంటే కోపమెందుకు?

పోస్టు పొడుగు, కొంచెం ఓపిక పట్టండి.

మా హాస్టల్లో నలుగురం ఈబీపీఎఫ్ నేర్చుకుంటున్నామంటే "అది ఐఐటీ వాళ్ల పని, మీరు గ్రూప్స్‌కి చదువుకోండి" అన్నారు కొందరు సీనియర్లు. గ్రూప్స్ చదవొద్దని మేము అనట్లేదు. కానీ ఆండ్రాయిడ్ 9 కాలం నుంచి ఫోన్‌లో ఏ యాప్ ఎంత డేటా తిన్నదో లెక్క కట్టేది ఈబీపీఎఫ్ ప్రోగ్రామే. మన జేబులో ఉన్నదాని గురించి తెలుసుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

ఈబీపీఎఫ్ అంటే లైనక్స్ కెర్నల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్. అక్కడ తప్పు జరిగితే మెషిన్ మొత్తం పడిపోవచ్చు. అందుకే నడిపే ముందే వెరిఫైయర్ దాన్ని చెక్ చేస్తుంది. దాని రూల్స్‌లో ఒకదాని మీద చాలామందికి కోపం. మేము మాత్రం ఆ రూల్ పక్షమే.

కెర్నల్‌లో ఒక సాకెట్‌ని ఎంతమంది వాడుతున్నారో లెక్క ఉంటది. మన ప్రోగ్రామ్ వెతికి తెచ్చుకుంటే ఒకటి పెరుగుద్ది, రిలీజ్ చేస్తే ఒకటి తగ్గుద్ది, సున్నా అయితే ఆ మెమరీ వెనక్కి పోతుంది. స్టడీ రూమ్ రిజిస్టర్ అనుకోండి. లోపలికొస్తే ఒక గీత, పోయేటప్పుడు ఆ గీత కొట్టేయాలి. గీతలన్నీ అయిపోతే వాచ్‌మన్ తాళం వేస్తాడు. ఒకడు పోతూ పోతూ రెండు గీతలు కొట్టేశాడా, లోపల ఇంకొకడు చదువుతుండగానే తాళం పడుద్ది. కొట్టకుండా పోతే గది తెల్లార్లూ తెరిచే ఉంటది. రెండోది మెమరీ లీక్. మొదటిది ఇంకా ప్రమాదం, హ్యాకర్లు వెతికేది అలాంటి వాటినే.

ఇక కాల్‌బ్యాక్. బీపీఎఫ్ లూప్‌కి ఒక ఫంక్షన్ ఇస్తే చెప్పినన్ని సార్లు పిలుస్తుంది. సున్నా సార్లు కావచ్చు, 80 లక్షలు దాటొచ్చు కూడా. బయట తెచ్చుకున్న సాకెట్‌ని ఆ కాల్‌బ్యాక్‌లో రిలీజ్ చేస్తే? సున్నా సార్లయితే లీక్. ఒక్కసారైతే సరి. రెండోసారికి, మనది కాని గీత కొట్టేసినట్టే. ఒకప్పుడు వెరిఫైయర్ కాల్‌బ్యాక్‌ని ఒక్కసారే నడిచినట్టు చూసేది, అందుకని ఇది దాటిపోయేది. 2022లో సరిచేశారు. కాల్‌బ్యాక్ తను తెచ్చుకున్నదాన్ని తనే రిలీజ్ చేయాలి, పిలిచినవాళ్లదాన్ని రిలీజ్ చేయకూడదు అని అప్పుడు రూల్ పెట్టారు. 2023లో ఇంకో అడుగు వేసి, కాల్‌బ్యాక్‌ని ఎన్నిసార్లు పిలుస్తారో తెలియదన్నట్టే చూడడం మొదలుపెట్టారు.

"నా లూప్ ఒక్కసారే తిరుగుద్ది కదా, నన్నెందుకు ఆపాలి" అని వాదించేవాళ్లున్నారు. ఈరోజు 1 అని రాసింది రేపు ఇంకొకరు 10 చేస్తారు, అప్పుడు పడిపోయేది ఎవరి మెషినో మనకు తెలియదు. పైగా చేయాల్సింది రిలీజ్ లైన్‌ని లూప్ తర్వాతకి జరపడమే. దానికింత గొడవా?

మా అసలు బాధ ఎర్రర్ మీద. "అన్‌రిలీజ్డ్ రిఫరెన్స్" అంటూ ఒక నంబర్, దాని పైన వందల లైన్ల ఇంగ్లీష్ లాగ్. తెలుగు మీడియంలో పది దాకా చదివినవాళ్లకి అది చూస్తేనే ల్యాప్‌టాప్ మూసేయాలనిపిస్తుంది. కింద నుంచి పైకి చదవండి. ఆఖర్న ఉండే ఇన్‌స్ట్రక్షన్ నంబర్ చూస్తే ఎక్కడ తెచ్చుకుని వదిలేశామో దొరుకుద్ది. ఇలాంటివి తెలుగులో రాసిపెట్టేవాళ్లు మన గ్రూపులో నుంచే రావాలి, బయటోళ్లు మనకోసం కూర్చుని రాయరు.

ఈ శనివారం రాత్రి భోజనాలయ్యాక, వెరిఫైయర్ తిప్పికొట్టిన మా ప్రోగ్రామ్‌నే ముందేసుకుని కూర్చుంటున్నాం. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. వచ్చేవాళ్లు కామెంట్‌లో పేరు పెట్టండి.