ఎండలో పని, చీటీలో లేని జబ్బు

గుడుపల్లె మండలంలో స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడుతూ తిరిగినప్పుడు, టమోటా తోటలో కాయలు కోస్తున్న ఒకామె తన చేతులు చాపి చూపించింది. క్షయకు మందులు మొదలుపెట్టి నెల దాటింది. ముఖం, మెడ ముందు భాగం, ముంజేతులు కమిలి నల్లబడి పొట్టు లేస్తున్నాయి. రవిక చెయ్యి ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడ ఆ నలుపు ఆగిపోయింది. "ఎండకు పోవద్దన్నారక్కా. పోకుంటే కూలి ఎవురిస్తారు? అందుకే మాత్రలే నిలిపేసినా" అంది.

ఆమె చీటీలో "చర్మవ్యాధి" అని ఒక్క మాట, ఒక పూత మందు పేరు ఉన్నాయి. మింగుతున్న మాత్రల పేర్లు లేవు. రోజంతా ఎండలో వంగి పని చేస్తుందన్న సంగతి అసలే లేదు. ఆ చీటీలో రాయని రెండు విషయాలే ఆమె జబ్బుకు కారణమై ఉండొచ్చు.

కొన్ని మందులు ఒంట్లో ఉండగా ఎండ తగిలితే చర్మం దెబ్బతింటుందని వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలుసు. క్షయకు ఇచ్చే పైరజినమైడ్, స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్, రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, నొప్పులకు వాడే పైరాక్సికామ్, మానసిక జబ్బులకు ఇచ్చే క్లోర్‌ప్రోమజిన్ వీటిలో కొన్ని. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఫోటోటాక్సిక్. మందు మోతాదు, ఎండ తగినంత ఉంటే ఎవరికైనా రావచ్చు. కొద్ది గంటల్లోనే ఒళ్లు కాలినట్టు మండుతుంది. రెండోది ఫోటోఅలర్జిక్. ఆ మందు పడనివాళ్లకే వస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగి, దురదతో, గజ్జిలా మొదలై, బట్ట కప్పిన చోటికి కూడా పాకవచ్చు.

దీన్ని గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కొత్తగా ఏ మందు మొదలుపెట్టావు, ఎన్నాళ్లకు వచ్చింది, ఏం పని చేస్తావు అని అడగాలి. ఒళ్లు చూడాలి. ఎండ తగిలే చోట మచ్చ ఉండి గడ్డం కింద, చెవుల వెనక, కనురెప్పల మీద లేకపోతే ఎండనే అనుమానించాలి. అదే రెప్పలు, మెడ ముడతలు కూడా దురద పెడుతుంటే పొలం గట్ల మీది వయ్యారిభామ మొక్క కారణం కావచ్చు. (ఒళ్లు కుళ్లబెట్టే కలుపుకు ఆడదాని పేరు పెట్టిందెవరో!) స్త్రీలలోనే ఎక్కువగా కనిపించే లూపస్‌నూ మరవకూడదు. తిండి చాలని మనిషికి క్షయ మందు ఐసోనియజిడ్ వల్ల పెల్లాగ్రా కూడా రావచ్చు. అదీ ఎండ తగిలే చోటనే కనిపిస్తుంది. కాని దానికి కావలసింది నియాసిన్, మంచి తిండి. ఇన్ని అవకాశాలను విడదీసి చూడకుండా "అలర్జీ" అనో "మంగు" అనో తేల్చేసి స్టెరాయిడ్ పూత రాసిస్తే జబ్బు మరుగున పడుతుంది. పూత ఆపకుండా వాడితే చర్మం పలచబడుతుంది.

ఇక రికార్డు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ పదో కూర్పులో ఫోటోటాక్సిక్‌కు ఎల్ 56.0, ఫోటోఅలర్జిక్‌కు ఎల్ 56.1 అని విడి కోడ్‌లున్నాయి. ఏ మందు వల్లనో చెప్పడానికి వై 40 నుంచి వై 59 వరకు కోడ్‌లున్నాయి. పనికి సంబంధించిన జబ్బు అని తెలపడానికి వై 96 కూడా ఉంది. 2022లో పదకొండో కూర్పు అమల్లోకి వచ్చింది. అయితే ఏ కూర్పైనా, డాక్టరు రాయనిదాన్ని గుమాస్తా కోడ్ చేయలేడు. కోడ్ లేని జబ్బు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని జబ్బుకు బడ్జెట్టూ ఉండదు, బాధ్యత పడేవాళ్లూ ఉండరు. కోడింగ్ ఆఫీసు వ్యవహారమని మన సంఘాలు దాన్ని ఇంతకాలం పట్టించుకోలేదు. ఇంటిపని, పొలంపని జనాభా లెక్కల్లో కనిపించడంలేదని పోరాడిన మనం, అదే శ్రమ ఆసుపత్రి చీటీలోనూ కనిపించడంలేదని ఎందుకు అడగలేదు?

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో తెరిచారు. మందులు లేని ఆ రోజుల్లో శానిటోరియం వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, గాలి. ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం చూపింది. పేదలకు అది గొప్ప మేలు. కాని మందు ఇంటికి వచ్చినంత సులువుగా విశ్రాంతీ, తిండీ రాలేదు. స్త్రీకి ఇల్లంటే పొయ్యి, నీళ్లు, పశువులు, ఆపైన కూలి. "ఎండకు పోవద్దు" అనేది కూలి డబ్బు చేతికిచ్చి చెబితేనే వైద్య సలహా అవుతుంది. లేకపోతే ఆమెకు రెండే దారులు మిగులుతాయి: కూలి మానడం, లేదా మాత్ర మానడం. తోటలో ఆమె రెండోది ఎంచుకుంది. క్షయ మందు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందుకు లొంగకుండా మొండికేస్తుంది. దాన్ని ఆమె "అజ్ఞానం" అని రాసుకుంటే మనం ఎవరి పక్షాన ఉన్నట్టు?

అందుకే సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం కొన్ని పనులు మొదలుపెట్టాలి. మందు ఇచ్చిన రోజే, దీనికీ ఎండకూ పడదా అని అడగమని స్త్రీలకు చెప్పాలి. మచ్చలు వస్తే సొంతంగా మందు ఆపకుండా, మాత్రల అట్టలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తోడుండాలి. మందు మార్చగల చోట మార్చమని, మార్చలేని చోట నిండు చేతుల చొక్కా, తలగుడ్డ, తెల్లవారుజామున పని, నీడపట్టు పని కావాలని అడగాలి. పనిచోట నీడ కల్పించాలన్నది 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాసిన మాట. చీటీలో మందు పేరూ, చేసే పనీ రాయమని పట్టుబట్టాలి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. డాక్టర్లే కాదు, మందు మింగినవాళ్లు కూడా 1800-180-3024 నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేసి చెప్పుకోవచ్చు.

ఆ తోటలో ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "ఇది ఎండ వల్లనా, మాత్రల వల్లనా అక్కా?" రెండూ కలిసి వచ్చి ఉండొచ్చని చెప్పాను. ఆ రెండింటి పక్కన ఆమె కూలి పేరు కూడా రాసే చీటీని సాధించుకోవడం మన పని.