స్టీరింగు మన చేతిలో, కాగితం ఎవరి చేతిలో?

ఊళ్లో పటేలు ట్రాక్టరు తోలేది ఎవరు? మన వాడ పిల్లగాడు. వరికోత మిషన్ మీద అర్ధరాత్రి దాకా కూర్చునేది ఎవరు? మన వాడ పిల్లగాడే. మండల కేంద్రం నుంచి పది మందిని కుక్కుకొని ఆటో తోలేది, ఇటుక బట్టీ లోడు టౌనుకు చేర్చేది, బోరు బండి వెంట నెలల తరబడి తిరిగేది, ఎక్కువ మంది మనవాళ్లే. బండి పని మనకు రాదని ఇవాళ ఎవ్వడూ అనలేడు. కానీ వాళ్లలో ఎంతమంది జేబులో లైసెన్సు ఉందో వాడ నడుమ నిలబడి ఒకసారి అడగండి. సగం మంది తల దించుకుంటారు. మిగతావాళ్లు నవ్వి, "గదెందుకన్నా, ఈ దారిల మనల్ని ఎవడు ఆపుతడు?" అంటారు.

ఆ నవ్వు మనకు ఎంత ఖర్చవుతుందో లెక్క చూసుకోవాలి.

లైసెన్సు లేకుండా పల్లెలో బతకడం ఒక విద్య. సంత రోజు పోలీసులు ఏ మలుపులో నిలబడతారో వాడికి తెలుసు. ఆ రోజు చెరువు కట్ట మీదుగా పోతాడు. ఎదురొచ్చేవాడు రెండుసార్లు లైటు కొడితే ముందర చెకింగ్ ఉందని అర్థం. వెంటనే బండి దిగి, పంక్చరైనట్టు నెట్టుకుంటూ నడుస్తాడు. టౌను పొలిమేరలో తెలిసిన హోటలు కాడ బండి పెట్టి అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కుతాడు. తల్లిని ఆస్పత్రికి తీసుకుపోవాలంటే లైసెన్సు ఉన్న మేనబావను బతిమాలి, వాడి కూలి దండగ చేయించి, వాడి చేతికి హ్యాండిలిస్తాడు. ఇంత చేసినా దొరికిపోతే సర్పంచికో పార్టీ లీడరుకో ఫోను చేస్తాడు. ఆ ఫోను ఊరికే రాదు. ఇవాళ చలానా తప్పించినవాడు రేపు మనం కూలి రేటు పెంచమన్నప్పుడు ఆ మాట గుర్తు చేస్తాడు. మన మెడలో కనపడని పలుపు అట్లనే పడుతుంది.

పట్నంల కూర్చున్న పెద్దమనుషులు ఒక సలహా ఇస్తారు: లైసెన్సు లేకపోతే బండి ఎక్కకండి. అయ్యా, ఎక్కకుండ ఏం జెయ్యాలె? నిజాం రాజ్యంలో 1932లోనే సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. తొంభై ఏండ్లు దాటింది. ఇప్పటికీ పొద్దున ఒక ట్రిప్పు, పొద్దుగూకి ఒక ట్రిప్పు తప్ప బస్సు మొఖం చూడని పల్లెలు ఉన్నాయి. వచ్చిన బస్సు ఊరి నడుమ ఆగుతుంది, మన వాడ ఊరి అవతల ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. మంచి పనే, కాదనం. కానీ టికెట్టు మాఫీ అయితే సరిపోదు, బస్సు రావాలి. మధ్యాహ్నం జ్వరం ముదిరిన పిల్లను, రాత్రి పదింటికి పని దిగిన కూలీని రాని బస్సులో ఉచిత టికెట్టు ఇంటికి చేర్చదు.

బస్సు లేనిచోట ఏం జరుగుతుందో 2018 చూపెట్టింది. ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర పొలం పనికి పోతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి పదిహేను మంది పోయారు. పోయినవాళ్లలో దాదాపు అందరూ కూలికి పోయే ఆడవాళ్లే. ట్రాక్టరు ట్రక్కు గడ్డి కోసం, వడ్ల కోసం. అందులో మనుషుల్ని ఎక్కిస్తే మామూలు బీమా వాళ్లకు వర్తించదు. వడ్ల బస్తాకున్న విలువ కూలి మనిషికి లేదన్న మాట.

కాబట్టి మన పిల్లగాడు అప్పు చేసో, పాతదో ఒక బండి కొంటాడు. అది సోకు కోసం కాదు. అది పనికి పోయే కాలు. ఒకప్పుడు మనవాడు సైకిలెక్కి ఊరి నడుమ నుంచి పోతే దిగి నడవమన్న పల్లెలు ఇవి. ఇప్పటికీ ఆ కడుపుమంట చల్లారలేదు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ బండి నడుపుతున్నాడన్న అక్కసుతో ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తులతో దాడి చేశారని కేసయింది. మన చేతిలో బండి ఉండటం ఎవరి కళ్లల్లో పడుతుందో, ఎందుకు పడుతుందో మనకు తెలుసు. కాగితం లేకుండా ఆ బండి ఎక్కితే మన మీద కన్నేసినోడికి మనమే సాకు ఇచ్చినట్టు.

మరి లైసెన్సు ఎందుకు తీసుకోరు? మనవాళ్లకు బద్ధకమా? లెక్క చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మొదలు ఎల్‌ఎల్‌ఆర్ తీయాలి. దానికి ఆరు నెలల గడువు. నెల గడిచినంక బండి తోలి చూపించాలి. అంటే తక్కువలో తక్కువ రెండుసార్లు టౌనుకు పోవాలి. సర్వరు పనిచేయకపోతే మూడోసారి. స్లాటు నెట్ సెంటరులోనో మీసేవలోనో బుక్ చేయించాలి. 2025–26లో రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పోయిన ప్రతి రోజూ ఆ కూలి పాయె. రానుపోను చార్జీ, తిండి వేరే. సర్కారు రాసుకున్న ఫీజు వందల్లోనే ఉంటుంది, ఏజెంటు అడిగేది వేలల్లో ఉంటుంది. పరీక్షకు బండి మనమే తీసుకుపోవాలి. దానికి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, పొల్యూషను కాగితాలు ఉండాలి. పటేలు ట్రాక్టరు తోలేవాడు పరీక్షకు ఎవరి బండి తీసుకుపోవాలె? పటేలు ఇస్తడా? ఒక పూట ట్రాక్టరు ఖాళీగా పెడతడా?

ఇంకొక గోడ చదువుది. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కంప్యూటరు మీద ఉంటుంది. తెలుగులో ప్రశ్నలు వస్తాయి, సరే. అక్షరం రానివాడు ఏం జెయ్యాలె? పదేండ్లుగా బండి తోలుతున్న మనిషికి మలుపు గుర్తు తెలుసు, బడి గుర్తు తెలుసు. వాక్యం చదవలేడు. అది వాడి తప్పా? వాడి చేత బర్రెలు కాయించి బడికి దూరం చేసినోళ్ల తప్పా? ఆటో, లారీ లాంటి రవాణా బండ్లకైతే ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనే ఉండేది. బండి తోలడం ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్నట్టు! ఆ నిబంధన మనవాళ్ల పొట్టలు ఎన్నో ఏండ్లు కొట్టింది. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. తీసేసిన సంగతి వాడకొచ్చి ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ "ఎనిమిది పాసు కావాల్నంట గదా" అని ఆగిపోయేవాళ్లను చూస్తున్నాం. తమ్ముడూ, ఆ అడ్డం లేదు. ఇంకో మాట కూడా విను. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పు చెప్పింది. మామూలు కారు లాంటి తేలిక బండి లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా బండిని నడపడానికి దాని మీద వేరే అనుమతి రాయించుకోనక్కరలేదు. చట్టం మనవైపు ఒక అడుగు జరిగినప్పుడన్నా మనకు తెలియాలె గదా.

ఇక కాగితం లేనందుకు కట్టే వెల. లైసెన్సు లేకుండా నడిపితే పాత చట్టంలో జరిమానా 500 రూపాయల దాకా. 2019 సెప్టెంబర్ 1 నుంచి కేంద్ర చట్టం దాన్ని 5,000 చేసింది. దారిలో ఎంత కట్టించుకుని వదలాలన్నది రాష్ట్రాలు తేల్చుకుంటాయి గానీ చట్టంలో రాసినది అది. అంటే పదహారు రోజుల ఉపాధి కూలి. లైసెన్సు లేనివాడికి తెలిసి బండి ఇచ్చిన యజమానికి కూడా 5,000 జరిమానా ఉంది. ఆ రెండో సెక్షను కింద పటేలుకు చలానా రాసిన పోలీసును మీరు ఎప్పుడన్నా చూశారా?

అసలు దెబ్బ యాక్సిడెంటు రోజు తగులుతుంది. అప్పటిదాకా "నా కొడుకసొంటోడు, వాడు లేకపోతే నాకు చెయ్యి ఆడదు" అన్న పటేలు ఆ రోజు మాట మారుస్తాడు. "వాడు నాకు చెప్పకుండనే ట్రాక్టరు తీసిండు" అంటాడు. ఎందుకంటాడో తెలుసా? నడిపినవాడికి లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ చచ్చినవాళ్ల ఇంటివాళ్లకు ముందు డబ్బు కట్టి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బరువు తన మీద పడకుండా పటేలు మనోడి మీదికి తోస్తాడు. కేసు మనోడి మీద. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమైతే పాత శిక్షాస్మృతిలో రెండేండ్ల దాకా జైలు ఉండేది. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో అది ఐదేండ్ల దాకా పెరిగింది. బండి బాగా నడిచినన్నాళ్లు అది పటేలు బండి. బోల్తాపడ్డ రోజు అది మన నేరం.

సర్కారు పథకాల కాడ కూడా ఇదే కథ. ఆంధ్రలో 2019 అక్టోబర్‌లో వాహనమిత్ర అని సొంత ఆటో, టాక్సీ నడిపేవాళ్లకు ఏడాదికి 10,000 ఇచ్చారు. 2025 అక్టోబర్‌లో ఇంకో పేరుతో 15,000 ఇచ్చారు. రెండింటికీ చేతిలో లైసెన్సు ఉండాలి. తెలంగాణలో 2021లో దళితబంధు వచ్చి కుటుంబానికి పది లక్షలు అన్నప్పుడు చాలామంది బండ్లే ఎంచుకున్నారు. బండి మన పేరు మీద వచ్చి లైసెన్సు మాత్రం లేకపోతే, ఆ స్టీరింగు ఇంకోడి చేతికే పోతుంది. వచ్చిన ఆదాయంలో సగం వాడి జీతానికి పోతుంది. పేరుకు ఓనరు, ఊరికి మళ్లీ కూలోడు.

ఇంత చెప్పి లైసెన్సు అనేదే వద్దంటున్నామా? లేదు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల వాళ్లే. ఆ శవాల్లో మన పిల్లలు ఉన్నారు. నేర్చుకోకుండా నడిపితే ఏమవుతుందో బాబాసాహెబ్ కాలే సాక్ష్యం. 1929లో అంటరానివాళ్ల కష్టాల మీద విచారణకు బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. ఆ పని మీద తిరుగుతూ చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగితే, రాత్రికి తమ వాడలో ఉండమని మహర్లు పిలిచారు. మహర్‌ను ఎక్కించుకొని తోలడం తమ మర్యాదకు తక్కువని టాంగావాలాలు రామన్నారు. బండి అద్దెకు దొరికింది, తోలేవాడు దొరకలేదు. ఆఖరికి ఎన్నడూ టాంగా తోలని వాడ మనిషే పగ్గాలు పట్టాడు. రాతి కల్వర్టు మీద చక్రం ఇరుక్కుంది. బాబాసాహెబ్ రాళ్ల మీదికి విసురుగా పడ్డారు, కాలు విరిగింది. ఆయన దాన్ని స్వయంగా రాసి పెట్టారు. పని వచ్చినవాడు కులం అడ్డం పెట్టుకొని రాలేదు. ప్రేమ ఉన్నవాడికి పని రాదు. ప్రేమతో తోలినా పని రాకపోతే కాలు విరుగుతుంది. అందుకే నేర్చుకునే హక్కు, నేర్చుకున్నట్టు కాగితం పొందే హక్కు, రెండూ మనకు కావాలి.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. వాడలో పది మంది మగవాళ్లకు బండి వస్తే ఇద్దరు ఆడవాళ్లకు రాదు. నర్సు ట్రైనింగుకు పోయే పిల్ల, అంగన్‌వాడీకి పోయే అక్క ఎవడో ఒకడి వెనక కూర్చునే పోవాలి. వాడు రానన్న రోజు పని బంద్. అన్నలారా, పటేలు మనల్ని కాగితం లేకుండ ఉంచుతున్నడని తిడుతున్నాం గదా, మన ఇంట్ల అక్కకు చెల్లెకు తాళం చెవి ఇస్తలేనిది ఎవరు? పద్దెనిమిది నిండని పిల్లగాళ్లకు బండిచ్చి పంపడం కూడా ఆపాలి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రికి మూడేండ్ల దాకా జైలు, 25,000 జరిమానా. పిల్లగాడికి ఇరవై ఐదేండ్ల దాకా లైసెన్సు ఇయ్యరు. ఒక్క రోజు సరదాకు వాడి డ్రైవరు ఉద్యోగం ఏండ్ల తరబడి పోతుంది.

మరి ఏం జెయ్యాలె? తెలంగాణలో 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటి చేశారు, ఆంధ్రలో 2022లో పదమూడు ఇరవై ఆరు చేశారు. ఆఫీసులు ప్రజలకు దగ్గర చేస్తున్నామన్నారు. అయితే దగ్గరికి రండి. మండల కేంద్రంలో నెలకొకసారి లైసెన్సు మేళా పెట్టి, ఎల్‌ఎల్‌ఆర్ అక్కడే ఇచ్చి, బండి పరీక్ష కూడా అక్కడే చేయండి. చదువు రానివాళ్లకు ప్రశ్న చదివి వినిపించి, నోటితో జవాబు తీసుకోండి. ఎస్సీ కార్పొరేషన్ బండికి అప్పు ఇచ్చే ముందు ట్రైనింగూ లైసెన్సూ తన ఖర్చుతో ఇప్పించాలి. లైసెన్సు లేని కూలీ చేతికి ట్రాక్టరు ఇచ్చిన యజమాని మీద కూడా కేసు రాయాలి. పొద్దున కూలీల వేళకు, రాత్రి పని దిగే వేళకు బస్సు వేయాలి.

సర్కారు చేసేదాకా కూర్చుందామా? వద్దు. ప్రతి వాడలో యువజన సంఘం ఒక నోటు పుస్తకం తీయాలి. బండి నడిపేవాళ్లు ఎంతమంది, లైసెన్సు ఉన్నది ఎంతమందికి, పేరు పేరున రాయాలి. చదువుకున్న పిల్లలు సాయంత్రం గంటసేపు ప్రశ్నలు చదివి వినిపించాలి. కాగితాలు సరిగ్గా ఉన్న ఒక బండిని పరీక్ష కోసం వంతుల వారీగా ఇయ్యాలి. పది మంది కలిసి ఒకే రోజు స్లాటు తీసుకొని ఒకే ఆటోలో పోతే ఏజెంటు అవసరం ఉండదు. మొదటి పదిలో ఐదుగురు ఆడవాళ్లు ఉండాలి. పటేలు ట్రాక్టరు తోలేవాడు ఒక్కడే పోయి కాగితం మాట ఎత్తితే పని పోతుంది. ఊళ్లో ట్రాక్టరు తోలేవాళ్లంతా కలిసి, "లైసెన్సుకు సెలవు, ఖర్చు నువ్వియ్యి, గప్పటిదాక తాళం చెవి నీ కాడనే పెట్టుకో" అంటే పటేలు ఎన్ని రోజులు ఆగుతడు? నాట్ల ముందు వారం ఈ మాట అడగండి.

జై భీమ్.