సుఖం ఎవరిది, వ్యాధి ఎవరిది?

ఈ జబ్బులకు తెలుగులో 'సుఖవ్యాధులు' అని పేరు పెట్టినోడు ఎవడో గానీ గొప్పోడు. సుఖం ఒకడు కొనుక్కుపోతాడు, వ్యాధి మాత్రం ఆమె ఖాతాలో రాస్తారు.

సెక్స్ వర్కర్లకు లైంగిక వ్యాధుల ముప్పు ఎందుకు ఎక్కువ? రిపోర్టులు చెప్పే జవాబు మనకు తెలిసిందే. చదువు లేదు, కస్టమర్లు ఎక్కువ, మందు తాగుతుంది, కండోమ్ వాడదు. వీటినే 'రిస్క్ ఫ్యాక్టర్లు' అంటారు. అన్నింట్లో దోషి ఆమే. ఇంకో రెండొందలిస్తా, కండోమ్ వద్దు అన్నవాడు ఆ జాబితాలో ఉండడు. ఆమె బ్యాగులో కండోమ్‌లు వెతికి సాక్ష్యమని పట్టుకెళ్లిన పోలీసూ ఉండడు.

ఏజెన్సీ పిల్లలకు ఈ లెక్క కొత్తేం కాదు. మన దగ్గర జ్వరంతో మనిషి పోతే 'మూఢనమ్మకం' అని రాస్తారు. రోడ్డు లేదని రాయరు.

అసలు సంగతి మన గోదావరి ఒడ్డునే తేలింది. రాజమండ్రి ప్రాంతపు సెక్స్ వర్కర్లను అడిగి చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. కేసు తప్పించుకోవడానికి పోలీసుతోనే పడుకోవాల్సి వచ్చినవాళ్లు, కండోమ్‌లు పోలీసులు లాగేసుకున్నవాళ్లు, ఇలా ఖాకీ బెడద చూసిన ఆడవాళ్లలోనే వ్యాధి లక్షణాలూ, కస్టమర్ల దెబ్బలూ ఎక్కువ కనబడ్డాయి. ఎక్కువ డబ్బుకు కండోమ్ లేకుండా ఒప్పుకోవడమూ వాళ్లలోనే ఎక్కువ. అక్కడే జరిగిన మరో అధ్యయనం అప్పుల్లో ఉన్నవాళ్ల గురించీ ఇలాంటి మాటే చెప్పింది. వడ్డీ కట్టాల్సిన రోజున ఆ రెండొందలు వద్దనడం ఎంత కష్టమో అప్పు చేసిన ఎవరినైనా అడగండి. ఆమెకు అవగాహన లేక కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. గనేరియా, క్లమీడియా ఆడవాళ్లలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. అందుకే నొప్పి వచ్చాక కాదు, క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. సిఫిలిస్ తొలి దశలో దొరికితే ఒక్క పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. కానీ ఓపీలో పదిమంది ముందు "ఏం పని చేస్తావ్?" అని గట్టిగా అడిగితే ఆమె రెండోసారి వస్తుందా?

1956 చట్టం ప్రకారం మేజరైన మనిషి తన ఇష్టంతో ఈ పని చేయడం నేరం కాదు. రోడ్డు మీద కస్టమర్‌ను పిలిస్తే మాత్రం నేరం! దాంతో ఆమె చీకట్లోకి పోవాలి, తొందరగా బేరం తెంచుకోవాలి. వచ్చినవాడు ఎలాంటివాడో చూసుకునే టైమెక్కడిది? కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా వాడొద్దని సుప్రీంకోర్టు 2022 మే 19న చెప్పింది. మీ స్టేషన్లో ఎంతమందికి తెలుసో కనుక్కోండి.

"వాళ్లను రక్షించాలి" అనే మనవాళ్లకు ఒక మాట. మైనర్ పిల్లను అమ్మినోడు జైల్లో ఉండాల్సిందే. మన గూడేల నుంచి ఉద్యోగం పేరుతో పిల్లల్ని తీసుకుపోయే దళారీకీ అంతే. కానీ ఆ పేరుతో పెద్దవాళ్లను వ్యాన్లో ఎక్కించి హోముల్లో పడేస్తే జబ్బులు తగ్గవు. కలకత్తా సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని చూడండి. అక్కడ ఆడవాళ్లే ఆరోగ్య కార్యకర్తలయ్యారు, 1995లో దర్బార్ సంఘం కట్టుకున్నారు. ఒక గదిలో కండోమ్ లేకుండా కుదరదంటే పక్క గదిలోనూ అదే మాట వినబడాలి. అప్పుడే కస్టమర్ దారికొస్తాడు. కూలి రేటు కోసం మనం చేసేదీ అదేగా!

ఈసారి ఎవరైనా వీళ్లకు అవగాహన సదస్సు పెడతామంటే, మొదటిది పోలీస్ స్టేషన్లో పెట్టమనండి. రెండోది లాడ్జిలో, కస్టమర్లకు.