శరవేగం, నత్తనడక – మధ్యలో మా లావుణి భూమి

వాడ లెక్కలు – 11

యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక తమ్ముడు మొన్న నాకు ఒక డ్రోన్ వీడియో పంపాడు. ట్రిపుల్ ఆర్ తాజా అప్‌డేట్ అని దాని పేరు. పైనుంచి పొలాలు, చెరువు, తాటిచెట్లు, వాటి మీద గ్రాఫిక్స్‌తో గీసిన ఎర్ర గీత. వెనకాల సినిమా మ్యూజిక్. ఇంత శాతం భూసేకరణ పూర్తయింది, ఫలానా ఇంటర్‌చేంజ్ దగ్గర గజం ఇంత పలుకుతోంది, ఇప్పుడే కొనుక్కోండి. "అన్నా, మన ఊరు కనపడుతుంది చూడు" అని కింద రాశాడు.

చూశాను. ఊరు కనపడింది. ఊరి బయట మన వాడ కూడా కనపడింది. ఎర్ర గీత ఊరిని ముట్టుకోలేదు. వాడ వెనకాల చెలక మీదుగా పోయింది. ఆ చెలక ఎవరిదో వీడియో చేసినవాడికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ అతనికి లేదు. అది లావుణి పట్టా భూమి.

ఈ భాగంలో ఆ శాతం గురించి మాట్లాడుకుందాం. రోడ్డు పని ఎంత వరకు వచ్చిందో చెప్పే ఆ అంకె ఎలా పుడుతుంది? అందులో ఎవరిని లెక్కపెడతారు, ఎవరిని పెట్టరు?

మన జిల్లా పేజీలు తీసి చూడండి. రోడ్డు పనుల వార్తకు తెలుగు పత్రికలకు రెండే మాటలు వచ్చు. పని సాగితే శరవేగం, ఆగితే నత్తనడక. శరవేగమైతే మంత్రి ఫొటో, నత్తనడకైతే ప్రతిపక్ష నాయకుడి ఫొటో. రెండూ వేగాన్ని కొలిచే మాటలే. ఎవరి మీదుగా వేగం అని అడిగే మాట మూడోది ఉండాలి కదా, అది లేదు. పైగా నత్తనడక వార్తలో ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: "భూసేకరణ సమస్యలతో పనులు ముందుకు సాగడం లేదు." ఆ సమస్య పేరు సాయమ్మో, ఎల్లయ్యో అయి ఉంటుంది. కానీ వాక్యంలో మనిషి ఉండడు, సమస్య మాత్రమే ఉంటుంది.

ఇప్పుడు ట్రిపుల్ ఆర్ సంగతి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ ఉంది కదా, దాని బయట ఇంకో పెద్ద చుట్టు. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా. 2024 డిసెంబరులో ఈ భాగానికి ఐదు ప్యాకేజీలుగా టెండర్లు పిలిచారు. టెండర్లు పిలిచే నాటికే ఏళ్లుగా "ట్రిపుల్ ఆర్ పురోగతి" వార్తలు వస్తూ ఉన్నాయి. అప్పటికి తట్టెడు మట్టి కూడా పోయలేదు కదా, మరి ఏం పురోగతి? భూమి తీసుకోవడమే. రోడ్డు కంటే ముందు రిపోర్టులోకి ఎక్కేది మన భూమి పోవడం. వంద మీటర్ల వెడల్పున రోడ్డు పోతే కిలోమీటరుకు పది హెక్టార్లు, అంటే దగ్గర దగ్గర 25 ఎకరాలు. వాళ్లు "ఒక కిలోమీటరు" అని రాసిన ప్రతి చోటా మీరు 25 ఎకరాలు అని చదువుకోండి.

జాతీయ రహదారుల చట్టం 1956 నాటిది. విద్యార్థి మిత్రులు ఇందులోని నాలుగు అక్షరాలు నేర్చుకోవాలి. 3ఏ అంటే ఫలానా భూమి తీసుకోవాలనుకుంటున్నాం అని నోటిఫికేషన్. అభ్యంతరాలకు 21 రోజులు. 3డి అంటే తీసుకుంటున్నాం అని ప్రకటన. 3జి అంటే పరిహారం ఎంతో తేల్చడం. 3హెచ్ అంటే ఆ డబ్బు జమ చేయడం. 3డి గెజిట్‌లో వచ్చిన రోజునే భూమి కేంద్ర ప్రభుత్వానిదైపోతుంది. పరిహారం ఎంతో తేలేది ఆ తర్వాత. చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ఆ భూమి ఎలాంటి "భారాలు" లేకుండా ప్రభుత్వానికి దఖలు పడుతుందట. తాత బండలు ఏరి, ముళ్లకంప కొట్టి, యాభై ఏళ్లు దున్నిన భూమిలో తాతే భారం.

తర్వాత డబ్బు. 3హెచ్ కింద డబ్బు జమయ్యేది మన ఖాతాలో కాదు, భూసేకరణ అధికారి దగ్గర. అక్కడ జమ అయితే చాలు, 60 రోజుల్లో ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చి భూమి స్వాధీనం చేసుకోవచ్చు. రిపోర్టులో ఆ గడి పచ్చరంగుకు మారుతుంది. అధికారి దగ్గర నుంచి మనిషి చేతికి ఎప్పుడు వచ్చింది, అసలు వచ్చిందా? ఆ గడి రిపోర్టులో ఉండదు. మనవాళ్ల కథంతా ఆ లేని గడిలోనే ఉంది.

మా అమ్మ సంగతి చెప్తాను. ట్రిపుల్ ఆర్ కాదు, అంతకు చాలా ముందు ఇంకో హైవే. పేరు అనవసరం. మాకు ఎకరం పది గుంటల లావుణి భూమి ఉండేది, మా తాత పేరు మీద. తాత పోయాక ఫౌతీ చేయించలేదు. చేయించడానికి పోయిన ప్రతిసారీ ఒక కాగితం తక్కువయ్యేది. రోడ్డు వెడల్పులో ఎకరం పోయింది. అవార్డు లిస్టు వచ్చినప్పుడు మా సర్వే నంబరు ఎదురుగా హక్కుదారు గడిలో ఒకటే మాట: సర్కారీ. అమ్మ ఆఫీసుకు పోయి అడిగింది, "సారూ, మా మామ దున్నిన భూమి, పట్టా కాగితం గిదిగో." కౌంటర్లో మనిషి ఆ కాగితం ముట్టుకోలేదు. "అమ్మా, సర్కారు ఇచ్చింది, సర్కారు తీసుకుంది. నువ్వేం కొన్నవా?" అన్నాడు.

అమ్మ బయటికొచ్చి చెట్టు కింద కూర్చుంది. ఆ గోడకే ఒక బోర్డు ఉండేది. భూసేకరణ: 100 శాతం పూర్తి.

ఆ రోజు నాకు కోపం మాత్రమే వచ్చింది. బోర్డు అర్థమవడానికి ఏళ్లు పట్టింది. కాంట్రాక్టరుకు పని మొదలుపెట్టే తేదీ ఇవ్వాలంటే, కాంట్రాక్టు రకాన్ని బట్టి భూమిలో 80, 90 శాతం చేతిలో ఉండాలి. పైనుంచి రోజూ ఫోన్లు, వారం వారం వీడియో కాన్ఫరెన్సులు. శాతం పెంచాలి. పట్టా భూమి అయితే రైతు కోర్టుకు పోతాడు, ఎమ్మెల్యే దగ్గరికి పోతాడు, నెలలు పడుతుంది. మరి అన్నింటికంటే తొందరగా శాతం పెంచేది ఏది? "సర్కారీ" అని రాసిన ముక్క. దానికి హక్కుదారు లేడు, అభ్యంతరం లేదు, అవార్డు లేదు. రాసిన రోజే చేతిలో ఉన్న భూమి కింద లెక్క. అంటే శరవేగంలో మొదటి శరం తగిలేది మాదిగవాడకూ మాలపల్లెకే. మన పేదరికం వాళ్ల శాతంలో కలుస్తుంది.

ఇది చట్టం అనుకోకండి. చట్టం మనవైపే ఉంది, అదే అసలు మంట. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలని 2004లోనే మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2013 భూసేకరణ చట్టం భూ యజమాని అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అసైన్డ్ భూములున్నాయి. ప్రభావిత కుటుంబం అన్న నిర్వచనంలో ప్రభుత్వం భూమి అసైన్ చేసిన కుటుంబమూ ఉంది, మూడేళ్లుగా ఆ భూమి మీదే బతికే కౌలుదారూ, కూలీ కూడా ఉన్నారు. ఆ చట్టంలోని పరిహారం, పునరావాసం 2015 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తాయి. సామాజిక ప్రభావ అంచనా మాత్రం వర్తించకుండా మినహాయించారు. అంటే ఈ రోడ్డు వల్ల ఎవరు ఏమవుతారు అని ముందుగా అడిగే ఒక్క ప్రశ్ననూ తీసేశారు. 2019లో సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ కేసులో రహదారులకు భూమి ఇచ్చినవాళ్లకు సొలేషియం, వడ్డీ ఎగ్గొట్టడం చెల్లదన్నది.

ఇన్ని ఉన్నాయి. కౌంటర్ దగ్గర మాత్రం "నువ్వేం కొన్నవా?"

రికార్డుల్లో గడులు మాయమవడం మనకు కొత్త కాదు. ధరణి వచ్చినప్పుడు పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ తీసేశారు. కాస్తులో ఉన్నవాడు ఆ ఒక్క దెబ్బతో కాగితం మీద లేకుండా పోయాడు. తర్వాత ధరణి పోయి భూభారతి వచ్చింది, అదీ 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజున. సంతోషం. పోర్టల్ పేరు మారింది, చాలా వాడల్లో పట్టా మాత్రం ఇంకా చచ్చిపోయిన తాత పేరు మీదే ఉంది.

సరే, మనల్ని పక్కన పెట్టి వాళ్ల కొలబద్దతోనే చూద్దాం. దేశంలో 2020–21లో 13,327 కిలోమీటర్ల జాతీయ రహదారులు కట్టామని, రోజుకు 36 కిలోమీటర్లు దాటిందని, రికార్డు అని చెప్పారు. కరోనా ఏడాది అది. వలస కూలీలు అవే రహదారుల మీద కాలినడకన ఇళ్లకు పోయిన ఏడాది. అదే భారత్‌మాల మొదటి దశను 2017 అక్టోబరులో మంజూరు చేసినప్పుడు 34,800 కిలోమీటర్లు 2022కల్లా పూర్తి అన్నారు. 2023 మార్చి నాటికి పూర్తయింది 13,499 కిలోమీటర్లు, 38.79 శాతం అని కాగ్ రాసింది. రోజువారీ రికార్డు మొదటి పేజీలో వచ్చింది, కాగ్ లెక్క పార్లమెంటు బల్ల మీదికి వచ్చింది. కొలత కూడా సాగే కొలతే. పది కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డును లేన్ కిలోమీటర్లలో చెప్తే నలభై అవుతుంది. రోడ్డు అంగుళం పెరగదు.

పని ఎంతయింది అన్న లెక్క కూడా ఊరికే వేసేది కాదు, అది బిల్లు. హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో కట్టే రోడ్డుకు ప్రభుత్వం వాటా 40 శాతం, అది పని శాతాన్ని బట్టి వాయిదాలుగా కాంట్రాక్టరుకు అందుతుంది. మట్టి పనికి ఇంత, కంకరకు ఇంత, వంతెనకు ఇంత అని బరువులు కడతారు. పని పూర్తిగా కాకపోయినా ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇచ్చి, మిగిలినవి పంచ్ లిస్టులో పెట్టి, టోల్ మొదలుపెట్టొచ్చు. ఆ లిస్టులో మిగిలేవి ఏమిటో ఎప్పుడైనా చూశారా? సర్వీసు రోడ్లు, మురికి కాలువలు, లైట్లు, బస్ బేలు. కార్లో పోయేవాడికి కావాల్సింది ముందే అయిపోతుంది. నడిచేవాడిది లిస్టులో ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లతో కూడా ఒక పేచీ ఉంది. ట్రిపుల్ ఆర్ మీద రైతులు గట్టిగా కొట్లాడారు. అలైన్‌మెంట్ పెద్దల భూముల దగ్గర వంకర తిరిగిందని ఉత్తరానా దక్షిణానా ఆరోపిస్తున్నారు. 2023లో రాయగిరి రైతులను బేడీలతో భువనగిరి కోర్టుకు తెచ్చారు. ఆ బేడీలు ఎవరి చేతులకు వేసినా తప్పే, మనం వాళ్ల పక్కనే నిలబడాలి. కానీ నేను కూర్చున్న ఒక దీక్షా శిబిరంలో వినతిపత్రం చదివాను. ఎకరాకు ఎంత ఇవ్వాలో ఉంది, బోర్లకు, చెట్లకు ఎంతో ఉంది. లావుణి పట్టా మాట లేదు. కౌలుదారు మాట లేదు. ఆ చేలలో నాట్లేసే ఆడవాళ్లు శిబిరం వెనక వరసలో కూర్చున్నారు, కాగితంలో ఏ వరసలోనూ లేరు. నేను అడిగితే ఒక పెద్దమనిషి, "తమ్మీ, ముందు రైతు సంగతి తేలనీ, తర్వాత మీది చూద్దాం" అన్నాడు. రైతు అంటే ఎవరో, మీది అంటే ఏదో ఆయనకు బాగా తెలుసు. ఉద్యమ మిత్రులు కూడా ఈ మాట విని తలూపారు. నాకు బాధేసింది అక్కడే.

"అయితే రోడ్డు వద్దంటావా అన్నా?" అని అడుగుతారు, ప్రతిసారీ అడుగుతారు. రోడ్డు విలువ మాకు చెప్పొద్దు. ఊరి సీసీ రోడ్డు వాడ మొదట్లో ఆగిపోయే దేశం ఇది. రోడ్డు మీద నడిచే హక్కు కోసమే 1924లో వైకోంలో సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. పురిటి నొప్పులకు అంబులెన్సు రావాలంటే రోడ్డు కావాలని వాడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి బైకును, ఆటోను రానివ్వరు. వాడలో ఉన్న బండ్లు ఆ రెండే. మా భూమి తీసుకున్న రోడ్డు మీదికి మా బండి ఎక్కకూడదంటే, కనీసం ఆ భూమికి డబ్బులన్నా ముట్టిందా అని అడిగే హక్కు మాకుంటుంది కదా.

కాబట్టి శాతం కనపడ్డప్పుడల్లా దాన్ని ఒలిచి చూడండి. మీ మండలం మీదుగా వచ్చిన 3డి గెజిట్ తియ్యండి. అందులో ఏ సర్వే నంబర్లు "ప్రభుత్వ" భూమిగా రాశారో పక్కన రాసుకోండి. ఆ నంబర్లకు పాత పహాణీలు, అసైన్‌మెంట్ రిజిస్టరు, టిపన్ కాపీ సమాచార హక్కు కింద అడగండి. డబ్బు అధికారి దగ్గర జమైన తేదీ వేరుగా, మనిషి ఖాతాలో పడిన తేదీ వేరుగా అడగండి, రెండూ కలిపి ఇస్తే ఒప్పుకోకండి. వాడ నుంచి చెలకకు పోయే బాట మీద అండర్‌పాస్ ఉందా, ఉంటే ఎంత దూరంలో అని డ్రాయింగ్ అడగండి. బొందలగడ్డ గీత లోపల పడిందేమో చూడండి. దానికి చాలా చోట్ల సర్వే నంబరు కూడా ఉండదు, ముసలివాళ్లను వెంటబెట్టుకుని పోయి చూడాల్సిందే. తాత పేరు మీదున్న పట్టాలకు ఫౌతీ ఇప్పుడే పెట్టించండి, అవార్డు వచ్చాక కాదు.

భువనగిరి, చౌటుప్పల్ వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు గెజిట్ కాపీలు పంపడం మొదలుపెట్టారు. నర్సాపూర్, తూప్రాన్ వైపు నుంచి ఇంకా రాలేదు. పంపేటప్పుడు ఫొటో మసకగా ఉంటే సర్వే నంబర్లు చదవరావడం లేదు, పీడీఎఫ్ చేసి పంపండి. వచ్చినవి వచ్చినట్టు ఒక పట్టికలో ఎక్కిస్తున్నాను. అందులో వాళ్ల గడులన్నీ ఉంటాయి, చివర ఇంకో గడి ఉంటుంది. మొదటి వరసలో మా అమ్మ పేరు రాశాను. ఆ గడి ఖాళీగానే ఉంది.